మూటలో మోసుకొచ్చిన అక్షరాలు

పాఠకుల సందేహాలు – సమాధానాలు

1989 ఆగస్టు 23న లిథువేనియా రాజధాని విల్నియస్ నుంచి లాట్వియా రాజధాని రీగా మీదుగా ఎస్టోనియా రాజధాని టాలిన్ వరకు, 600 కిలోమీటర్లకు పైగా, సోవియట్ పాలననుంచి విముక్తి కోరుతూ సుమారు 20 లక్షల మంది చేయి చేయి పట్టుకుని నిలబడిన మానవహారం గురించి గత నెల ఒక చిన్న సమాధానం రాశాను. అందులో, లిథువేనియా ప్రజలకు అంతకు శతాబ్దం ముందు నలభై ఏళ్ళపాటు తమ లిపిలో పుస్తకం అచ్చువేసుకునే వీలు కూడా లేకుండా పోయిందని ఒక వాక్యం దొర్లింది. మానవహారం సంగతి పక్కనపెట్టి, పాఠకులు ఆ వాక్యాన్నే పట్టుకున్నారు. అందువల్ల ఈ నెల శీర్షికను పూర్తిగా ఆ విషయానికే కేటాయిస్తున్నాను. ఒకే అర్థం వచ్చే ప్రశ్నలను కలిపి ఒకటిగా చేశాను. ఉత్తరం రాసినవారు మన్నించాలి.

ప్రశ్న: మా అబ్బాయి లిథువేనియాలోని కౌనాస్ నగరంలో వైద్యవిద్య చదువుతున్నాడు. అక్కడి యుద్ధ ప్రదర్శనశాల తోటలో వీపున మూట మోస్తున్న ఒక మనిషి విగ్రహాన్ని ఫొటో తీసి పంపాడు. ఆయన పుస్తకాలను దొంగతనంగా సరిహద్దు దాటించినవాడట. దొంగరవాణా చేసినవాడికి విగ్రహం పెట్టడమేమిటండీ? (ఒక గృహిణి, గుంటూరు)

జవాబు: దొంగరవాణా అన్నది పాలకులు పెట్టిన పేరమ్మా. ఆ మనిషిని అక్కడివారు ‘క్నిగ్నెషిస్’ అంటారు. ఆ మాటకు పుస్తకాలు మోసేవాడు అని మాత్రమే అర్థం. మీ అబ్బాయి చూసిన విగ్రహాన్ని చెక్కినది యువోజాస్ జికారస్ అనే శిల్పి. అది ఏ ఒక్క వ్యక్తి ప్రతిమా కాదు, ఆ పని చేసిన వేలాది రైతులందరికీ కలిపి పెట్టుకున్న గుర్తు.

కథ కొంచెం వెనకనుంచి చెప్పాలి. లిథువేనియా ఒకప్పుడు విశాలమైన రాజ్యం. 1569లో పోలండుతో ఏకమై ఒకే రాజ్యమయింది. 1772, 1793, 1795 సంవత్సరాలలో రష్యా, ప్రష్యా, ఆస్ట్రియాలు ఆ రాజ్యాన్ని మూడు విడతలుగా పంచుకున్నప్పుడు లిథువేనియాలో అధికభాగం రష్యా చక్రవర్తి చేతిలోకి వెళ్ళింది. అప్పటికే అక్కడి జమీందారులు, చదువుకున్నవారు తరతరాలుగా పోలిష్ మాట్లాడుతున్నారు. లిథువేనియన్ భాష వెట్టిచాకిరి చేసే రైతుల గుడిసెలలో మిగిలింది. 1861లో వెట్టి రద్దయింది. 1863లో పోలిష్ జమీందారులు, మతగురువులు, కొందరు రైతులు కలిసి చేసిన తిరుగుబాటును రష్యన్ ప్రభుత్వం అణచివేసింది. ఆ పనికి పంపిన గవర్నర్ జనరల్ మురవ్యోవ్‌కు ‘ఉరితీతల మురవ్యోవ్’ అన్న పేరు నిలిచిపోయింది. ఆయన 1864లో లాటిన్ లిపిలో లిథువేనియన్ బాలశిక్షల ముద్రణను ఆపించాడు. మరుసటి ఏడు ఆ ఆజ్ఞ అన్ని పుస్తకాలకూ వ్యాపించింది. ఎత్తివేసింది 1904లో. ఈ నడుమ పొరుగుదేశంలో అచ్చయిన పుస్తకాలను మూటలు కట్టి, రాత్రిపూట సరిహద్దు దాటించి, ఊరూరా చేర్చినవారి ప్రతినిధి మీ అబ్బాయి చూసిన ఆ మనిషి.

ప్రశ్న: భాషను నిషేధించారంటే అర్థమవుతుంది. భాషను ఉంచి లిపిని మాత్రం నిషేధిస్తే పాలకులకు కలిగే లాభమేమిటి? (విశ్రాంత ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం)

జవాబు: ఈ నెల వచ్చిన ప్రశ్నలలో నాకు అన్నిటికన్నా నచ్చినది ఇదే, ఎందుకంటే మొత్తం కథకు తాళంచెవి ఇక్కడే ఉంది.

రష్యన్ అధికారులు లిథువేనియన్ రైతులను శత్రువులుగా చూడలేదు. వారి లెక్క ప్రకారం శత్రువు పోలిష్ జమీందారు, అతడితోపాటు కేథలిక్ మతగురువు. రైతు అమాయకుడు, అతణ్ణి పోలిష్ ప్రభావంనుంచి విడదీస్తే తనంత తానే రష్యాకు దగ్గరవుతాడు అనుకున్నారు. పోలిష్ భాష లాటిన్ లిపిలో ఉంది కనుక, లిథువేనియన్‌ను రష్యన్ లిపి అయిన సిరిలిక్‌లోకి మారిస్తే ఆ బంధం తెగుతుందని, పిల్లలకు రష్యన్ చదువు సులభమవుతుందని వారి ఆలోచన. సొంత ఖర్చుతో సిరిలిక్ లిపిలో లిథువేనియన్ వాచకాలు, ప్రార్థన పుస్తకాలు అచ్చువేయించి పంచారు కూడా. కాగితం మీద చూస్తే ఇది రైతుకు మేలు చేసే పథకంలాగానే కనిపిస్తుంది.

వారు అంచనా వేయలేకపోయినది ఒక్కటే. రైతు ఇంట్లో సాధారణంగా ఉండే పుస్తకం ప్రార్థన పుస్తకమే. సిరిలిక్ అక్షరాలు కేథలిక్ అయిన అతడికి రష్యన్ల ఆర్థడాక్స్ చర్చి అక్షరాలుగానే తెలుసు. మన ఊళ్ళలో భాగవత పద్యాలను రేపటినుంచి మరొక లిపిలోనే అచ్చువేయాలని, ఆ లిపి మరొక మతంవారి గ్రంథాలలో తప్ప ఎక్కడా కనిపించేది కాదని ఊహించుకోండి. ఆ పుస్తకాన్ని ఉచితంగా ఇచ్చినా మన ముసలమ్మలు తాకేవారా? అక్కడా అదే జరిగింది. ఇది మతం మార్పించే ఎత్తుగడ అన్న అనుమానం క్షణాలలో పాకింది. ఉచితంగా ఇచ్చిన పుస్తకాలను జనం తీసుకోలేదు, తీసుకున్నా పొయ్యిలో వేశారు. నిషేధించిన పుస్తకం కోసం మాత్రం డబ్బు పెట్టారు, జైలుకు వెళ్ళారు.

కనుక ఆ రైతు తొలుత కాపాడుకున్నది జాతిని కాదు, జపమాల పక్కన ఉండే పుస్తకాన్ని. ‘జాతీయ జాగృతి’ అనగానే మనం జెండాలను, ఉపన్యాసాలను ఊహిస్తాము. ఇక్కడ మాత్రం ప్రార్థన పుస్తకం ముందు వచ్చింది, దాని వెంట పంచాంగం, బాలశిక్ష, చాలా తరువాత అదే మూటలో రాజకీయ పత్రిక. మూట మోసేవాడికి దారి ముందే తెలిసి ఉండటం వల్లనే పత్రిక ఊళ్ళోకి రాగలిగింది.

మరొక విచిత్రం కూడా చెప్పాలి. నలభై ఏళ్ళు నడిచిన ఈ నిషేధం అసలు చట్టమే కాదు, పరిపాలనా ఉత్తర్వు మాత్రమే. ఆంటానస్ మత్సియౌస్కస్ అనే ఇంజనీరు లాటిన్ అక్షరాలతో ఒక దేశపటాన్ని అచ్చువేయిస్తే దానిని జప్తు చేశారు. ఆయన ఊరుకోకుండా వ్యాజ్యం వేశాడు. 1903లో సామ్రాజ్యపు అత్యున్నత న్యాయపీఠమైన సెనేట్ ఆయన పక్షాన తీర్పు చెప్పింది. మరుసటి సంవత్సరం, జపానుతో యుద్ధంలో మునిగి ఉన్న ప్రభుత్వం, సరిహద్దు ప్రజలను ఇంకా దూరం చేసుకోవడం ఇష్టంలేక నిషేధాన్ని ఎత్తివేసింది.

ప్రశ్న: పుస్తకం అచ్చువేయడం, అమ్మడం ఎంత కష్టమో ఈ వృత్తిలో ఉన్నవాడిగా నాకు తెలుసు. నిషేధం ఉండగా వాటిని ఎవరు అచ్చువేశారు, డబ్బు ఎవరు పెట్టారు, పాఠకుడికి ఎలా చేరాయి? (ప్రచురణ రంగంలో పనిచేసే పాఠకుడు, విజయవాడ)

జవాబు: అచ్చుపని జరిగింది సరిహద్దుకు అవతల, జర్మన్ల ఏలుబడిలో ఉన్న తూర్పు ప్రష్యాలో, ముఖ్యంగా టిల్జిట్, రాగ్నిట్ పట్టణాలలో. అక్కడ కూడా లిథువేనియన్ మాట్లాడే ప్రజలు ఉండేవారు. వారు ప్రొటెస్టెంటులు. లిథువేనియన్ భాషలో మొదటి అచ్చు పుస్తకం 1547లో క్యోనిగ్స్‌బెర్గ్‌లో వెలువడినది కూడా ఆ ప్రొటెస్టెంట్ సంప్రదాయంలోనే. ఇందులో ఒక వక్రత ఉంది: సరిహద్దు అవతలికి పుస్తకాలు ఎగుమతి అవుతుంటే అభ్యంతరం చెప్పని ప్రష్యా ప్రభుత్వం, సరిగ్గా ఆ సంవత్సరాలలోనే తన బడులలోని లిథువేనియన్ పిల్లలకు జర్మన్ తప్ప మరో భాష వినిపించకుండా చేస్తున్నది. అచ్చాఫీసువారికి జాతీయభావమేమీ లేదు. అది వారికి మంచి బేరం.

తొలినాళ్ళలో డబ్బు పెట్టినవాడు పశ్చిమ లిథువేనియాలోని జెమైతియా ప్రాంతపు బిషప్ మొతియేయుస్ వలాంచుస్. రైతుబిడ్డగా పుట్టి బిషప్ అయిన ఈయన అంతకుముందే మద్యపాన వ్యతిరేక ఉద్యమాన్ని ఊరూరా నడిపి, చర్చి ద్వారా లక్షలమందిని ఒక్కతాటి మీదికి తేవచ్చునని చూపించాడు. ప్రభుత్వం తనను కౌనాస్‌కు రప్పించి కనిపెట్టుకుని ఉన్నా, ఆయన ప్రష్యాలో ప్రార్థన పుస్తకాలు అచ్చువేయించి, మతగురువుల ద్వారా పంచే ఏర్పాటు చేశాడు. ఆ పుస్తకాల ముఖపత్రం మీద విల్నియస్‌లోని పాత అచ్చాఫీసు పేరు, నిషేధానికి ముందటి సంవత్సరం వేసేవారు. తనిఖీకి వచ్చిన పోలీసుకు ఇది పాత పుస్తకమేనని చూపించడానికి అది ఉపాయం. నేటికీ ఆ కాలపు పుస్తకాల ముద్రణ సంవత్సరం తేల్చడానికి గ్రంథాలయ నిపుణులు తలలు పట్టుకుంటారంటే ఆశ్చర్యం లేదు. 1875లో వలాంచుస్ మరణించాక ఆ పని మతగురువుల చేతినుంచి క్రమంగా రైతుల చేతిలోకి, ఆపైన చదువుకున్న యువకుల చేతిలోకి వచ్చింది.

సరిహద్దు మీద ఒకదాని వెనుక ఒకటిగా కాపలా వరుసలు ఉండేవి. చీకటి రాత్రి, వాన, మంచు కురిసే వేళ చూసుకుని దాటేవారు. గడ్డి బండ్ల అడుగున, ధాన్యం బస్తాల మధ్యన, ఒంటికి చుట్టుకున్న బట్టల లోపల పుస్తకాలు ప్రయాణం చేసేవి. దొరికిన పుస్తకాలను తగలబెట్టేవారు. దొరికిన మనిషికి జరిమానా, జైలు, కొందరికి సైబీరియా ప్రవాసం. కాపలావాళ్ళ తూటాలకు చనిపోయినవారూ ఉన్నారు. లంచం పుచ్చుకుని కళ్ళు మూసుకున్న కాపలావాళ్ళూ ఉన్నారు. ఆ సంగతిని వీరగాథలలో కొంచెం తక్కువగా చెబుతారు.

వీరిలో యుర్గిస్ బీలినిస్ అన్నవాడిని ‘పుస్తకాలు మోసేవారి రాజు’ అనేవారు. 1846లో పుట్టిన ఆయన దశాబ్దాలపాటు ఈ పనిలోనే ఉన్నాడు. పోలీసులకు ఎన్నోసార్లు చిక్కి తప్పించుకున్నాడు. ఆయన జన్మదినమైన మార్చి 16ను ఇప్పుడు లిథువేనియాలో పుస్తకాలు మోసినవారి దినంగా పాటిస్తారు. ఆయన 1918 జనవరిలో కన్నుమూశాడు, దేశ స్వాతంత్ర్య ప్రకటనకు దాదాపు నెల ముందు.

పుస్తకం చేరితే సరిపోదు, చదవగలిగే వాళ్ళు ఉండాలి కదా. ప్రభుత్వ బడిలో రష్యన్ తప్ప లేదు. అందుకని ఇంటింటికీ తిరిగే అయ్యవారు ఒక్కో శీతాకాలం ఒక్కో ఇంట్లో రహస్యంగా పాఠం చెప్పేవాడు. అయ్యవారు లేనిచోట తల్లి రాట్నం వడుకుతూనే పక్కన పిల్లవాడిని కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించేది. ఆ దృశ్యాన్ని పెత్రాస్ రిమ్‌షా అనే శిల్పి 1906లో శిల్పంగా మలిచాడు. 1897 జనగణన నాటికి రష్యన్ సామ్రాజ్యంలో సగటున నూటికి 21 మంది చదవగలిగితే, లిథువేనియన్లు అధికంగా ఉన్న కోవ్నో (కౌనాస్) రాష్ట్రంలో ఆ సంఖ్య దాదాపు రెట్టింపు. సొంత భాషలో బడి లేని చోట ఇది జరిగిందని గుర్తుంచుకోవాలి.

ప్రశ్న: లిథువేనియన్ భాష సంస్కృతానికి సోదరి అని, మనవాళ్ళు పూర్వం అక్కడికి వలసవెళ్ళారని ఈ మధ్య తరచుగా వింటున్నాను. నిజమేనా? దీనికీ వారి స్వాతంత్ర్యోద్యమానికీ సంబంధం ఉందా? (ఖమ్మం పాఠకుడు)

జవాబు: సగం నిజం, సగం ఉత్సాహం. సంస్కృతమూ లిథువేనియన్ భాషా ఇండో-యూరోపియన్ కుటుంబానికి చెందినవే. లిథువేనియన్ ఆ కుటుంబపు పాత లక్షణాలను తక్కిన జీవభాషలకన్నా ఎక్కువగా నిలుపుకున్నది. నిప్పుకు ‘ఉగ్నిస్’, పొగకు ‘దూమై’, తేనెకు ‘మెదుస్’, కొడుక్కు ‘సూనుస్’, పంటికి ‘దంతిస్’, దేవుడికి ‘దియెవస్’ అంటారు. “దేవుడు దంతాలిచ్చాడు, రొట్టె కూడా ఇస్తాడు” అని వారికొక సామెత ఉంది. మన “నారు పోసినవాడు నీరు పోయడా” అన్నదానికి అది అక్కలాంటిది. ఆ సామెతను సంస్కృతంలోకి మారిస్తే మాటలు చాలావరకు పోలుతాయని భాషాశాస్త్రవేత్తలు సరదాగా చూపిస్తూ ఉంటారు. అయితే పోలిక ఉన్నదంటే ఒకే మూలంనుంచి రెండూ వచ్చాయని అర్థం. ఒకటి రెండోదాని దగ్గరికి వలసవెళ్ళిందని కాదు.

తెలుగువారమైన మనకు ఇందులో చిన్న చిక్కు కూడా ఉంది. ‘అగ్ని’, ‘మధువు’, ‘దంతం’ మనకు సంస్కృతంనుంచి అరువు వచ్చినవి. మన సొంత మాటలు నిప్పు, తేనె, పన్ను. తెలుగు సంస్కృతజన్యం కాదని 1816లో మద్రాసులో ఎల్లిస్ దొర ఆధారాలతో చూపించినది గుర్తుచేసుకుంటే, లిథువేనియన్ రైతు సంస్కృతానికి భాషాపరంగా మనకన్నా దగ్గరి చుట్టమని ఒప్పుకోక తప్పదు.

ఉద్యమంతో సంబంధమేమిటన్నారు. అది గట్టిగానే ఉంది. ‘కూలివాళ్ళ భాష’ అని పోలిష్ జమీందారులు చిన్నచూపు చూసిన ఆ భాషకు జర్మన్ పండితుడు ష్లైఖర్ 1856లో వ్యాకరణం రాశాడు. యూరప్ విశ్వవిద్యాలయాలు తమ అమ్మ మాట్లాడే భాషను ఆసక్తితో చదువుతున్నాయని తెలిసినప్పుడు చదువుకున్న రైతుబిడ్డలకు ఎంత ధైర్యం కలిగి ఉంటుందో ఊహించండి. 1883లో మొదటి జాతీయ పత్రిక ప్రష్యాలో వెలువడింది. దాని పేరు ‘ఔష్రా’. తెల్లవారుజాము అని అర్థం. అది మన వేదాలలోని ఉషస్సుకు తోబుట్టువైన మాట. దాని తొలి సంపాదకుడు యోనాస్ బసనావిచుస్ వృత్తిరీత్యా వైద్యుడు, స్వదేశంలో కాక బల్గేరియాలో చాలాకాలం పనిచేసిన మనిషి.

మరో వైద్యుడు వింత్సాస్ కుదిర్కా సంగతి కూడా చెప్పి ముగిస్తాను. వార్సాలో చదువుకునే రోజుల్లో ఆయన తనను పోలిష్‌వాడిగానే చెప్పుకునేవాడు. ఔష్రా మొదటి సంచిక చేతికి వచ్చినప్పుడు తాను సిగ్గుతో ఏడ్చానని తరువాత స్వయంగా రాసుకున్నాడు. ఆయనే 1889లో ‘వర్పస్’, అంటే గంట, అనే పత్రికను ఆరంభించాడు. 1898లో అందులో అచ్చయిన ఆయన పాటే నేటి జాతీయగీతం. ఔష్రా తొలి సంచికల మీద ఆ పేరులోని ‘ష’ ధ్వనిని పోలిష్ పద్ధతిలో రెండు అక్షరాలు కలిపి రాసేవారు. కుదిర్కా తరంవారు దాన్ని వదిలి, చెక్ భాషనుంచి నెత్తిన చిన్న గుర్తున్న అక్షరాలను తెచ్చుకున్నారు. లిపి కోసం రష్యాతో పోరాడుతూనే, వర్ణక్రమంలో పోలండునుంచి విడిపోయారన్నమాట. రెండో విడాకులకు ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది.

ప్రశ్న: ఇదంతా చదువుతుంటే నిజాం కాలంనాటి మన గ్రంథాలయోద్యమం గుర్తుకు వస్తున్నది. పోల్చవచ్చునా? (హనుమకొండ పాఠకుడు)

జవాబు: కొంతవరకు పోల్చవచ్చును, ఒకచోట ఆగాలి. నిజాం రాజ్యంలో తెలుగు అచ్చును గానీ లిపిని గానీ నిషేధించలేదు. అక్కడ జరిగినది, బడికీ కచేరీకీ కొలువుకూ ఉర్దూ ఉంటే తెలుగుకు గౌరవం లేకపోవడం, సభ పెట్టాలంటే అనుమతి కోసం ఎదురుచూడవలసి రావడం. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1904లో మీ హనుమకొండలోనే రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం వెలిశాయి. లిథువేనియాలో నిషేధం ఎత్తివేసిన ఏడాదే మీ ఊళ్ళో పుస్తకాల అలమరలు తెరిచారు. కాకతాళీయమే అయినా నాకు ఇష్టమైన కాకతాళీయం. 1921లో హైదరాబాదు సంఘసంస్కార సభలో ఒక న్యాయవాది తెలుగులో మాట్లాడబోతే ఎగతాళి చేశారు, ఆ అవమానంనుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది.

అసలైన పోలిక నాకు మరోచోట కనిపిస్తుంది. ‘మీకు సాహిత్యమే లేదు’ అన్న మాటకు జవాబు ఎలా చెప్పాలి? తెలంగాణలో కవులే లేరన్నందుకు సురవరం ప్రతాపరెడ్డి గారు 1934లో 354 మంది కవుల రచనలను ఒక్కచోట చేర్చి గోలకొండ కవుల సంచికను అచ్చువేశారు. లిథువేనియాకు ఉత్తరాన లాట్వియాలో క్రిష్యానిస్ బారన్స్ అనే ఆయన జానపదుల నాలుగు పాదాల పాటలను చిన్న చిన్న చీటీల మీద రాసుకుని, సొరుగులున్న ఒక బీరువాలో వరుసగా సర్ది, 1894 నుంచి 1915 వరకు ఆరు సంపుటాలుగా వెలువరించాడు. పాఠాంతరాలతో కలిపి సుమారు 2,18,000 పాటలు. తర్కంతో వాదించకుండా లెక్కపెట్టి ముందు పెట్టడం ఇద్దరి పద్ధతీ.

ప్రశ్న: ఎస్టోనియా, ఫిన్లండు దేశాల జాతీయగీతాలకు ఒకే వరుస అంటారు. పాటలతోనే స్వాతంత్ర్యం తెచ్చుకున్నారన్నది ఎంతవరకు నిజం? (సంగీత ఉపాధ్యాయురాలు, కాకినాడ)

జవాబు: వరుస ఒకటే. ఫ్రెడరిక్ పాకియుస్ అనే జర్మన్ దేశస్థుడు ఫిన్లండులో స్థిరపడి 1848లో దానిని కూర్చాడు. 1869లో టార్టు పట్టణంలో మొదటి ఎస్టోనియన్ గానోత్సవం జరిగినప్పుడు ఎస్టోనియన్ మాటలతో అదే వరుసను పాడారు. సోవియట్ కాలంలో ఎస్టోనియాలో ఆ గీతం నిషిద్ధం. అయినా సముద్రం అవతలి ఫిన్నిష్ రేడియోలో వరుస వినిపిస్తుంటే జనం మనసులో మాటలు కలుపుకునేవారు. పాటవల్ల స్వాతంత్ర్యం వచ్చిందని నేను అనను. కానీ వేలాది మంది ఒకచోట చేరడానికి అనుమతి దొరికే సందర్భం గానోత్సవం ఒక్కటే అయినప్పుడు, అది గానోత్సవంగా మాత్రమే మిగలదు. 1988లో టాలిన్ గానోత్సవ మైదానంలో జనం పెద్దఎత్తున చేరి స్వాతంత్ర్యం కోరుతూ పాడినది ఆ అలవాటు ఫలితమే.

ప్రశ్న: మీరు ఈ కథను అందంగా చెబుతున్నారు. కానీ ఆ నేల మీద లిథువేనియన్లు ఒక్కరే లేరు కదా. మిగిలినవారి సంగతి? (డాలస్ నుంచి తెలుగు పాఠకుడు)

జవాబు: న్యాయమైన ఆక్షేపణ. 1897 జనగణన ప్రకారం విల్నియస్ నగర జనాభాలో యూదులు నూటికి 40, పోలిష్ మాట్లాడేవారు 31, రష్యన్లు 20. లిథువేనియన్లు కేవలం 2. జాతీయవాదులు తమ చారిత్రక రాజధాని అని కలగన్న నగరంలో వారి భాష వినిపించేది అరుదు. 1920లో పోలండు సేన ఆ నగరాన్ని పట్టుకున్నది. 1939 వరకు కౌనాస్ తాత్కాలిక రాజధానిగా ఉండిపోయింది. యూదుల కథ ఇంకా ఘోరం. 1941 నుంచి 1944 వరకు నాజీల ఆక్రమణలో లిథువేనియా యూదులలో నూటికి తొంభైమందికి పైగా హతమయ్యారు. ఆ హత్యలలో స్థానికులు కొందరు పాలుపంచుకున్నారు. పుస్తకాలు మోసినవారి తరువాతి తరమే ఇది. జాగృతి కథను చెప్పేవారు ఈ పేజీని తిప్పేయకూడదు.

జాతి అన్నది పుట్టుకతో వచ్చే ముద్ర అనుకునేవారికి ఒక ఇంటి కథ చెబుతాను. నరుతోవిచ్ సోదరులు జెమైతియా జమీందారు కుటుంబంవారు. అన్న స్తానిస్లోవాస్ 1918లో లిథువేనియా స్వాతంత్ర్య పత్రం మీద సంతకం చేసిన ఇరవై మందిలో ఒకడు. తమ్ముడు గాబ్రియేల్ 1922 డిసెంబరులో పోలండుకు మొదటి అధ్యక్షుడై, పదవి చేపట్టిన అయిదు రోజులకే హత్యకు గురయ్యాడు. ఒకే తల్లి బిడ్డలు రెండు దేశాలను ఎంచుకున్నారు, రెండు దేశాలూ అప్పటికి ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటున్నాయి.

ప్రశ్న: మొత్తంమీద ఈ జాగృతి వల్లనే స్వాతంత్ర్యం వచ్చిందా? ఆ స్వాతంత్ర్య పత్రం వందేళ్ళు కనిపించకుండా పోయిందని విన్నాను, నిజమేనా? (విశాఖపట్నం పాఠకురాలు)

జవాబు: మొదటి దానికి సూటిగా కాదనే చెబుతాను. 1905లో విల్నియస్‌లో సుమారు రెండు వేలమంది ప్రతినిధులు సమావేశమై స్వపరిపాలన కోరారు, అది దక్కలేదు. రష్యా, జర్మనీలు రెండూ మొదటి ప్రపంచయుద్ధంలో కూలిపోతున్న సమయంలో స్వాతంత్ర్యానికి తలుపు తెరుచుకుంది. తరువాత సోవియట్ యూనియన్ చేతిలోకి వెళ్ళిన లిథువేనియా 1990 మార్చి 11న మళ్ళీ స్వాతంత్ర్యం ప్రకటించుకున్నప్పుడు కూడా ఆ యూనియన్ లోలోపల పగులుతున్నది. అయినా 1991 జనవరి 13న విల్నియస్ టెలివిజన్ గోపురం దగ్గర సోవియట్ సైన్యం దాడిలో 14 మంది ప్రాణాలు పోయాయి. చిన్న జాతులు సామ్రాజ్యాలను కూలదోయలేదు. సామ్రాజ్యాలు వాటంతట అవే కూలినప్పుడు, ఆ శిథిలాలలో తమ వాటా అడగడానికి సిద్ధంగా ఉన్న మనుషులు కావాలి. ఒక వ్యాకరణం, ఒక పత్రిక, ఊరూరా ఉత్తరం అందుకునే ఒక మనిషి ఉండాలి. మూటలు మోసినవారు సమకూర్చి పెట్టినది ఇదే.

పత్రం సంగతి నిజమే. 1917 సెప్టెంబరులో, జర్మన్ ఆక్రమణలో ఉండగానే, ఇరవైమందితో ఒక మండలి ఏర్పడింది. 1918 ఫిబ్రవరి 16న ఆ ఇరవై మందీ సంతకాలు చేశారు. ఆనాటి సభకు అధ్యక్షుడు ఔష్రా పాత సంపాదకుడు బసనావిచుసే. ఆ తరువాత అసలు ప్రతి ఎక్కడికి పోయిందో తెలియలేదు. 2017 మార్చిలో కౌనాస్ ఆచార్యుడు లియుదస్ మజీలిస్ బెర్లిన్‌లో జర్మన్ విదేశాంగ శాఖ దస్త్రాలు తిరగేస్తుంటే, చేతిరాతలో ఉన్న లిథువేనియన్ ప్రతి బయటపడింది.

సంతకాలయిన మూడో రోజున, ఫిబ్రవరి 19న, ‘లియెతువోస్ ఐదస్’ అనే పత్రిక ఆ ప్రకటనను మొదటి పేజీలో అచ్చువేసింది. జర్మన్ అధికారులు వచ్చి ఆ సంచికను జప్తు చేశారు. సంపాదకుడు పెత్రాస్ క్లిమాస్ కొన్ని పదుల ప్రతులను ముందే దాచగలిగాడు. అవి చేతినుంచి చేతికి, గుట్టుగా, పాత పద్ధతిలోనే పల్లెలకు చేరాయి.